చన్నీళ్ళ తోడు

"అమ్మా, మళ్ళీ చన్నీళ్ళొస్తున్నాయ్!"

ఒంటినిండా సబ్బునురగతో మనవరాలు తలుపు సందులోంచి పెట్టే ఆ కేకే రెండు చలికాలాల పాటు నాకు సుప్రభాతం. అప్పుడే వంటింటి పంపు కట్టేసిన కోడలు తడిచేతులతోనే వచ్చి నా కింద నిలబడేది. నా ఎర్రదీపం ఆరి ఉండేది. ఆరిందంటే నీళ్ళు కాగాయని. నా కడుపులో 25 లీటర్లూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయని. ఆవిడకది మరోలా కనపడేది. "చూడండి, లైటు కూడా వెలగట్లేదు. ఇది పోయింది" అనేది భర్తతో. నోరు లేనివాణ్ణి, ఏం చెప్పను?

నేను గీజర్ని. హైదరాబాదులో కూకట్‌పల్లి వైపు ఒక మూడంతస్తుల ఇంటి పై వాటాలో, వంటింటి వెనక బాల్కనీ గోడకి రెండు బోల్టుల మీద వేలాడుతుంటాను. రెండు బాత్రూములకీ నేనొక్కణ్ణే. పెద్దావిడ గదికి ఆనుకున్న బాత్రూము నాకు దగ్గర. మిగతావాళ్ళది ఇంటికి ఆ చివర. అక్కడికి 12 మీటర్ల పైపు. రాత్రంతా ఆ పైపులో నిలిచి చల్లారిన నీళ్ళే లీటరున్నర దాకా ఉంటాయి. పంపు తిప్పగానే ముందు వచ్చేవి అవి. రెండు మగ్గులు వదిలేస్తే నేను పంపినవి అందుతాయి. దీనికి ఎవరూ గొడవ పడలేదు. గొడవంతా ఆ తరవాతి నీళ్ళ గురించే. కాసేపు చురుక్కుమనేంత వేడి, ఉన్నట్టుండి చలి, మళ్ళీ వేడి. ఒక తీరూ తెన్నూ లేదు.

నా పేరు మాత్రం ఆర్భాటమైనది. ఐస్‌లాండులో నేలలోంచి ఎగజిమ్మే ఒక వేడినీటి ఊట పేరు గెయ్సిర్. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటరు గ్యాసుమంటతో నీళ్ళు కాచే యంత్రం తయారుచేసి దానికి ఆ పేరు తగిలించాడు. పొగ బయటికి పోయే గొట్టం కూడా లేని ప్రమాదకరమైన వస్తువది. మా మూలపురుషుడే అయినా ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ ఊట పేరు మోస్తున్నానే గానీ నేను ఎగజిమ్మిందెప్పుడూ లేదు. నా పని అంతా తోపుడు మీద నడుస్తుంది. కిందినుంచి రెండు గొట్టాలు నాలోకి వస్తాయి. ఒకటి చన్నీళ్ళు తెచ్చి అడుగున వదులుతుంది. రెండోది లోపల నిలువునా పైదాకా వెళ్ళి, అక్కడ చేరిన వేణ్నీళ్ళని అందుకుని కిందికి దింపుతుంది. అడుగున చన్నీళ్ళు వచ్చి తోస్తేనే పైన వేణ్నీళ్ళు కదులుతాయి. ఎన్ని వస్తే అన్నే పోతాయి.

ఈ సంగతి ఆ ఇంట్లో పెద్దావిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తెనాలి దగ్గర ఆవిడ పుట్టింట్లో రాగి బాయిలరు ఉండేదట. నడిమి గొట్టంలో బొగ్గులూ కొబ్బరిచిప్పలూ వేసి రాజేసి, పైన గరాటులో చెంబుడు చన్నీళ్ళు పోస్తే పక్కనున్న కొమ్ములోంచి చెంబుడు వేణ్నీళ్ళు వచ్చేవి. "పొయ్యకుండా ఎక్కణ్ణుంచి వస్తాయే?" అనేది మనవరాలితో. నన్ను "ఆ డబ్బా" అంటుందన్న మాటే గానీ, నా లోపలి సంగతి తెలిసిన మనిషి ఆవిడే.

లెక్క కూడా పెద్దదేం కాదు. 20 డిగ్రీల నీళ్ళని 60కి తేవడానికి నా రెండు కిలోవాట్ల కాయిలుకి 35 నిమిషాలు కావాలి. యూనిటు పైన కొంచెం కరెంటు. వోల్టేజీ 230 నించి 180కి పడిన రోజు నా బలం అరవై శాతమే, అదే పనికి దాదాపు గంట. జనవరిలో నా 25 లీటర్లలో మరో 25 లీటర్ల చన్నీళ్ళు కలుపుకుంటే ఒంటికి హాయైన 40 డిగ్రీలకు వస్తాయి, అంటే మొత్తం 50 లీటర్లు. జూన్‌లో ట్యాంకు నీళ్ళే 30 డిగ్రీలుంటాయి గనక అదే స్నానానికి 75 లీటర్లవుతాయి. నేను అదే నేను. జనవరిలో మాత్రం "పాతబడింది, పని చెయ్యట్లేదు" అనిపించుకుంటాను.

నిజంగా పాతబడ్డాను కూడా, దాచనెందుకు. ఆ వీధిలో రోజు విడిచి రోజు మంజీరా నీళ్ళు వస్తాయి. (కృష్ణావో గోదావరివో అయినా సరే, ఈ ఊళ్ళో చాలామందికి కుళాయి నీళ్ళంటే మంజీరానే.) చాలనప్పుడు బోరు. బోరు నీళ్ళతో పప్పు ఉడకదని కోడలి గోల. పప్పుని ఉడకనివ్వని ఆ సున్నమే నా దగ్గరికీ వస్తుంది. ఉప్పు, పంచదార అయితే వేడినీళ్ళలో ఇంకా బాగా కరుగుతాయి. సున్నం తీరు తిరకాసు. చన్నీళ్ళలో కంటికి కనపడకుండా కరిగి వస్తుంది, వేడి తగలగానే రాయవుతుంది. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే కూర్చుంటుంది, అంటే నా కాయిలు మీదే. 60 డిగ్రీలు దాటితే దాని జోరు మరీ ఎక్కువ. నీళ్ళు చల్లబడుతున్నాయని కోడలి భర్త, అదే మా అబ్బాయిగారు, ఏం చేశాడు? నా మీటని 75కి తిప్పాడు. జబ్బు ఒకటి, మందు ఒకటి. ఏడాది తిరక్కుండా నా కాయిలుకి వేలెడు మందాన తెల్లటి తొడుగు వచ్చింది. దానికింద చిక్కుకున్న నీళ్ళు మరిగి టప్ టప్‌మని పేలేవి. ఎలక దూరిందని మనవరాలు పెన్సిలుతో నన్ను కొట్టి చూసేది.

ఇంకో మాట మరిచాను. నీళ్ళు కాగితే ఉబ్బుతాయి. నా 25 లీటర్లు 60 డిగ్రీలకు చేరేసరికి గ్లాసున్నర పైన పెరుగుతాయి. ఆ పెరిగిన నీళ్ళు వచ్చిన దారిన వెనక్కి పోలేవు. చన్నీళ్ళ గొట్టం మీదున్న సేఫ్టీ వాల్వు లోపలికి రానిస్తుందే తప్ప వెనక్కి పోనివ్వదు. పంపులన్నీ కట్టేసి ఉంటే ఒత్తిడి పెరిగి ఆ వాల్వు పక్కసందులోంచి చుక్కచుక్కగా కారిపోతాయి. నా ప్రాణం కాపాడేది ఆ చుక్కలే. కొత్తలో అబ్బాయిగారికి అవి లీకేజీలా కనపడి, డమ్మీ పెట్టి మూసేస్తానన్నాడు. పెద్దావిడ ఒప్పుకోలేదు. "కుక్కర్ విజిలు మీద రాయి పెడతావట్రా?" అంది. నా కింద ఒక ఇత్తడి చెంబు పెట్టింది.

తరవాత ఒక నెలలో ఆ చుక్కలు ఆగిపోయాయి. చెంబు అటకెక్కింది. ఎవరూ ఎందుకని అడగలేదు. నేనూ అనుకోలేదు.

పెద్దావిడకి మోకాళ్ళు సహకరించడం మానేసిన నెల అది. కింద కూర్చుని చెంబుతో పోసుకునే మనిషి ప్లాస్టిక్ స్టూలు మీదికి మారింది. అమ్మ చెయ్యెత్తి పోసుకోలేకపోతోందని అబ్బాయిగారు చేతిషవరు కొనుక్కొచ్చి మిక్సరుకి తగిలించాడు. పిడి మీద బొత్తాం నొక్కితే నీళ్ళు, వదిలేస్తే బంద్. ఆవిడకి ఎంత నచ్చిందో! వేళ్ళ కీళ్ళు పట్టేసి, మిక్సరు తిరగళ్ళు తిప్పడమంటే ఆవిడకి నరకం. అందుకని వేడిదొకటి, చల్లదొకటి తనకి సరిపోయేంత ఒకసారి తిప్పి పెట్టుకుని ఇక వాటి జోలికి పోలేదు. బొత్తాం ఉండగా అవెందుకు?

కేకలు మొదలయ్యాయి.

మొదట వచ్చిన మెకానిక్కు నా మూత అయినా పూర్తిగా విప్పకుండా థర్మోస్టాటు పోయిందన్నాడు. కొత్తది వేశాడు. పాతది భేషుగ్గా ఉంది, పాపం. మర్నాడు మళ్ళీ కేక. రెండోవాడు పనిమంతుడు. నన్ను కిందికి దించి, విప్పి, అర బకెట్టు సున్నపు పెళ్ళలు తీశాడు. త్వరగా అయిపోతుంది, యాసిడ్ పోసెయ్యమని అబ్బాయిగారు తొందరపెడితే, "వద్దు సార్, లోపలి గాజుపూత తినేస్తది, కాయిల్ రాగి కూడా తినేస్తది" అని, నిమ్మఉప్పు కలిపిన నీళ్ళలో కాయిలు నానబెట్టాడు. గంటకల్లా పెచ్చులూడి ఎర్రటి రాగి బయటపడింది. నాలో ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. తుప్పు నా ఇనుప గోడల జోలికి రాకుండా ముందు తననే తినమని నిలబడే కడ్డీ అది. తీసి చూస్తే నడిమి తీగ మిగిలింది, కడ్డీ లేదు. ఇంత సున్నం, ఇంత ఉప్పు ఉన్న నీళ్ళలో ఏడాదికోసారి దాన్ని చూసుకోవాలని చెప్పి కొత్తది బిగించాడు. మీటని 60 దగ్గరికి తెచ్చాడు. నాకు పదేళ్ళ వయసు తగ్గినట్టయింది. టప్‌టప్‌లు లేవు, 35 నిమిషాలకి దీపం ఆరింది. ఇక చూడండి అనుకున్నాను.

"అమ్మా, మళ్ళీ..."

ఆ కేక తగిలినట్టు నాకు మరేదీ తగల్లేదు. నేను వేడిగానే ఉన్నాను. నాలోంచి పోవలసినన్ని నీళ్ళు పోవడమే లేదు. అంతవరకు నాకూ తెలుసు. పోయినవి ఎక్కడికి పోయి ఏమవుతున్నాయో గోడకి వేలాడేవాడికి ఏం తెలుస్తుంది? విచిత్రమేమంటే సంక్రాంతికి పెద్దావిడ కూతురింటికి వెళ్ళిన పది రోజులూ ఒక్క కేకా లేదు. ఊరెళ్ళే ముందు నొప్పిగా ఉన్నా ఇంట్లో పంపులన్నీ బిగించి చూసుకోవడం ఆవిడకి పాత అలవాటు. ఆ పది రోజులూ బాల్కనీ గచ్చు తడిసింది కూడా. పనమ్మాయి తుడిచేసింది.

నన్ను పాతసామాన్ల కింద ఇచ్చేసి కొత్తది తేవడానికి నిశ్చయమైపోయింది. "పైపులేసిన మనిషిని ఒకసారి పిలవరా" అంది పెద్దావిడ. ఆయనది ఒడిశాలో పట్టముండాయి వైపు. దేశంలో ఏ నగరానికి వెళ్ళినా ప్లంబింగు పనిలో ఆ ప్రాంతంవాళ్ళు కనిపిస్తారు. ఇరవై ఏళ్ళ హైదరాబాదు తెలుగు. వచ్చి నన్ను ముట్టుకోలేదు. నాలోకి వచ్చే చన్నీళ్ళ వాల్వు కట్టేసి, చివరి బాత్రూములో వేడి పంపు తిప్పమన్నాడు.

నీళ్ళొచ్చాయి. ధారగా, ఆగకుండా, చల్లగా.

"డబ్బాలోకి చుక్క పోతలేదు సార్. మరి ఇవి ఎక్కడివి?"

అబ్బాయిగారు తెల్లమొహం వేశాడు. గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ అంది, "పొయ్యకుండా వస్తున్నాయంటే, ఇంకెవరో పోస్తున్నట్టేగా."

ఆయన నవ్వి సరాసరి ఆవిడ బాత్రూములోకి వెళ్ళి మిక్సరు తిరగళ్ళు రెండూ బిగించాడు. చివరి బాత్రూములో ధార సన్నబడి ఆగిపోయింది.

మిక్సరు లోపల కడుపు ఒక్కటే. రెండు తిరగళ్ళూ తెరిచి, చివర బొత్తాంతో మూసేస్తే వేడిపైపూ చల్లపైపూ అక్కడ కలిసిపోతాయి. చన్నీళ్ళు ట్యాంకు నుంచి అడ్డు లేకుండా దిగుతాయి. నావి వాల్వు దాటి, నన్ను దాటి, సున్నం పట్టి ఇరుకైన గొట్టాల్లోంచి రావాలి. బలం ఎవరిదో తెలిసిందేగా. చన్నీళ్ళు మిక్సరులోంచి అడ్డదారిన వేడిపైపులోకి దూరి, చివరి బాత్రూముకి నా నీళ్ళతో కలిసి వెళ్ళేవి. వంటింట్లో పంపు తిప్పి ఉన్నంతసేపు చన్నీళ్ళ జోరు తగ్గి స్నానం నీళ్ళు వేడెక్కేవి. కోడలు పంపు కట్టెయ్యగానే చలి. కట్టేసి చెయ్యి దులుపుకునేలోపు కేక. వేణ్నీళ్ళకు చన్నీళ్ళు తోడన్న పెద్దలు ఇలాంటి తోడుని చూసి ఉండరు. కాగి ఉబ్బిన నా నీళ్ళు కూడా ఆ అడ్డదారినే జారుకునేవి. అందుకే చుక్కలు ఆగాయి.

"అయితే నేనా చేసింది?" అంది పెద్దావిడ, గొంతు కాస్త మారి. "వదిలేస్తే ఆగిపోతుందని నువ్వేగా చెప్పావు."

అబ్బాయిగారు మాట్లాడలేదు. మిక్సరుకి చన్నీళ్ళూ వేణ్నీళ్ళూ వెనక్కి పోకుండా రెండు చిన్న నాన్‌రిటర్న్ వాల్వులూ, మునివేలితో తోస్తే తిరిగే పొడుగుపిడి తిరగళ్ళూ వేయించాడు. చేతిషవరు అలాగే ఉంది. ఇన్ని నెలలు నన్ను తిట్టినందుకు ఎవరూ ఏమీ అనలేదు. అంటారని నేనూ అనుకోలేదు.

మూడో రోజు పొద్దున కేక లేదు. కోడలే బాల్కనీలోంచి అరిచింది, "ఏమండీ, ఇప్పుడిది కారుతోంది!" అబ్బాయిగారు ప్లంబరుకి ఫోను చేశాడు. "కారాలి సార్" అని పెట్టేశాడాయన.

పెద్దావిడ మనవరాలి చేత అటక మీంచి ఇత్తడి చెంబు దింపించి, చింతపండుతో తోమించి, నా కింద పెట్టింది. మర్నాటికి గ్లాసున్నర చేరాయి. వేలు ముంచి చూసుకుంది.

"చన్నీళ్ళేనే" అంది, తులసి కుండీలో పోస్తూ.