టోర్నమెంట్ వదిలి క్యాష్ గేమ్‌కి వచ్చేవారికి తలకిందుల చిట్కాలు

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో పోకర్ టోర్నమెంట్లు ఆడే మనవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఒక ఆలోచన వస్తుంది. ఇవి మానేసి క్యాష్ గేమ్‌లు ఆడితే నెలనెలా నిలకడగా నాలుగు డాలర్లు మిగులుతాయేమో అని. ఆట బాగా వచ్చినవాళ్లకి మిగిలే మాట నిజమే. కాకపోతే టోర్నమెంట్‌లో మిమ్మల్ని నిలబెట్టిన అలవాట్లే ఇక్కడ ముంచుతాయి. అందుకే కింది సలహాలు మొదట వినగానే తలకిందులుగా అనిపిస్తాయి. నేను మాత్రం వాటిని నమ్మే చెబుతున్నాను.

ముందు రెండింటికీ తేడా చూడండి. లాస్ వేగాస్‌లో ఏటా జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌కి ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. 2024లో 10,112 మంది ఆడారు. గెలిచిన జోనథన్ తమాయోకి కోటి డాలర్లు వచ్చాయి. ఆడినవాళ్లలో నూటికి 85 మంది దాకా కట్టిన డబ్బు పోగొట్టుకుని వెళ్లారు. టోర్నమెంట్ రాబడిలో పెద్ద భాగం పై కొద్ది స్థానాల్లోనే పోగుపడుతుంది, ఆ స్థానాలు ఎంత గొప్ప ఆటగాడికైనా అరుదుగానే దక్కుతాయి. క్యాష్ గేమ్‌లో చిప్ అంటే డబ్బే. బ్లైండ్లు పెరగవు. ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చోవచ్చు, లేవచ్చు.

1. ప్రాణం కాపాడుకోవడం మానండి

టోర్నమెంట్‌లో చిప్స్ అయిపోతే ఆట అయిపోయినట్టే. కాబట్టి బతికుండటమే అక్కడ నేర్పు. ఇక్కడ ఆ భయమే నష్టం. ఒక్క చేతిని దగ్గరగా చూద్దాం. 1-3 డాలర్ల బ్లైండ్ల టేబుల్, మీ ముందు 300 డాలర్లు, చేతిలో ఆఠీన్ ఆసు, కళావర్ రాజు. మీరు 15కి పెంచారు. సెలవులకి వచ్చిన పర్యాటకుడు ఒక్కడే కాల్ చేశాడు, బ్లైండ్ల వాళ్లు తప్పుకున్నారు. పాట్‌లో 34. పడ్డ ముక్కలు ఇస్పేట్ ఆసు, డైమండ్ తొమ్మిది, కళావర్ నాలుగు. మీరు 20 వేశారు, అతను వచ్చాడు. నాలుగో ముక్క ఆఠీన్ రెండు. టోర్నమెంట్ మనిషి ఇక్కడ చెక్ చేసి, ఉన్న పాట్‌తో సరిపెట్టుకుంటాడు. అలా చేయకండి. 50 వేయండి, చివరి ముక్క మీద 100 వేయండి. చేతిలో ఆసు, పది ఉన్నవాడు చివరిదాకా వస్తాడు. ముందే ఆగితే ముక్కలు పడ్డాక అతని దగ్గర నుంచి వచ్చింది 20 డాలర్లు, ఆగకపోతే 170. నెలాఖరు లాభమంతా ఇలాంటి తేడాల్లోనే ఉంటుంది. ఒక్కోసారి అతనికి రెండు జతలు కుదిరి మీ డబ్బు పోతుంది. మళ్లీ 300కి నింపుకుని కూర్చోండి.

2. గొప్ప ఆటగాళ్లకి దూరంగా కూర్చోండి

గట్టివాళ్లతో ఆడితేనే ఆట వస్తుందంటారు. ఆట రావచ్చు, డబ్బు రాదు. మీకంటే బలహీనులున్న టేబుల్ వెతుక్కోండి. దొరక్కపోతే ఆ రోజు ఆడకుండా ఇంటికి వెళ్లండి. అయితే ఒక్క నియమం పాటించండి. ఇంటి అద్దె డబ్బుతో ఆడుతున్నాడని మీకు తెలిసిన మనిషి టేబుల్‌లో ఉంటే అక్కడ కూర్చోకండి.

3. బ్లఫ్ దాదాపుగా మానేయండి

100 డాలర్ల పాట్ కోసం 100 వేసి బ్లఫ్ చేస్తే, ఎదుటివాడు సగం సార్లకు మించి ఫోల్డ్ చేస్తేనే మీకు లాభం. చిన్న టేబుళ్ల దగ్గర జనం అన్నిసార్లు ఫోల్డ్ చేయరు. మంచి ముక్కలొచ్చేదాకా ఆగి, వచ్చినప్పుడు గట్టిగా వేయడమే మేలు. చూసేవాళ్లకి విసుగ్గా ఉంటుంది. ఉండనివ్వండి.

4. ఓడుతుంటే తొందరగా లేవండి, గెలుస్తుంటే కూర్చోండి

ఎక్కువమంది దీనికి సరిగ్గా ఎదురు చేస్తారు. 200 గెలవగానే జేబులో వేసుకుని లేస్తారు. 600 పోతే తెల్లవారేదాకా కూర్చుంటారు. ముక్కలకి మీ గెలుపోటములు గుర్తుండవు, మనసుకి ఉంటాయి. ఓడిన మనిషి ఆట పాడవుతుంది, గెలుస్తున్న మనిషి ఆట కుదురుగా ఉంటుంది. కాబట్టి మీ ఎక్కువ గంటలు ఆట కుదురుగా ఉన్న రోజులకే వెళ్లాలి.

5. ఇవాళ ఎంత వచ్చిందో లెక్కపెట్టకండి

1-3 టేబుల్ మీద గంటకి సగటున 15 డాలర్లు తెచ్చుకునేవాడు మంచి ఆటగాడు. కానీ అదే గంటలో అటూఇటూ ఊగిసలాట సుమారు 150 ఉంటుంది. 100 గంటలకి రావాల్సింది 1,500, ఊగిసలాట కూడా 1,500. అంటే అలాంటి మంచి ఆటగాళ్లు ఆరుగురుంటే, వారిలో ఒకరు 100 గంటల తర్వాత కూడా నష్టంలోనే ఉండొచ్చు. 900 గంటలకి రావాల్సింది 13,500, ఊగిసలాట 4,500. అప్పటికిగానీ మీ సత్తా ఏమిటో అంకెల్లో కనబడదు. రోజు లెక్క చూసి పొంగకండి, కుంగకండి. గంటలు మాత్రం తప్పకుండా రాసుకోండి.

6. ముక్కల కంటే ముందు కోత చూడండి

క్యాసినో దాదాపు ప్రతి పాట్ నుంచి కొంత తీసుకుంటుంది. దాన్ని రేక్ అంటారు. పాట్‌కి సగటున 5 డాలర్లు పోయి, గంటకి 25 చేతులు ఆడితే 125. తొమ్మిది మందికి పంచితే మనిషికి దాదాపు 14. పైన డీలర్‌కి టిప్. టెక్సాస్ క్లబ్బుల్లో పాట్ కోతకి బదులు గంటకింత అని కుర్చీ రుసుము తీసుకుంటారు. హంగులు, ఉచిత పానీయాలు చూసి కాదు, కోత తక్కువున్న చోటు చూసి వెళ్లండి.

7. ఈ డబ్బు అవసరం లేకపోతేనే ఆడండి

300 డాలర్ల టేబుల్‌కి కనీసం 6,000 విడిగా ఉండాలి. అది అద్దెదీ, పిల్లల ఫీజులదీ, ఊరికి పంపాల్సినదీ కాకూడదు. ఉద్యోగం మానకండి. పేరుమోసిన పోకర్ ఆటగాడు స్టూ అంగర్ 1980, 1981, 1997లలో మెయిన్ ఈవెంట్ గెలిచాడు. 1998లో లాస్ వేగాస్‌లోని ఒక మోటెల్ గదిలో, 45 ఏళ్లకే, దాదాపు ఏమీ మిగలని స్థితిలో చనిపోయాడు. ఆయనకున్నంత ప్రతిభ మనలో ఎవరికీ లేదు. మత్తుమందులు, ఆగని పందేలు ఆ ప్రతిభను మింగేశాయి.

మన తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్ర చట్టం దేశమంతటా నిషేధించింది. ఫోన్‌లో ఏ యాప్ రమ్మన్నా ఈ చిట్కాలు పట్టుకుని దిగకండి.

క్యాష్ గేమ్ ఇచ్చే నిలకడ ఒక మామూలు పార్ట్‌టైమ్ కూలి పాటిది, అదీ వందల గంటల ఓపికకి. అది చాలనుకుంటే టేబుల్ దగ్గరికి రండి. చాలదనుకుంటే, అప్పు తీర్చాలని వస్తుంటే, దయచేసి రాకండి.