వాండాది నాన్ లోకల్

వాండా మాక్సిమాఫ్ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో బెడ్ తీసుకుని గ్రూప్-1కి ప్రిపేరవుతోందనుకుందాం. మార్వెల్ కామిక్స్ వారి స్కార్లెట్ విచ్. కళ్లెర్రజేస్తే కార్లు గాల్లోకి లేస్తాయి, ఎదుటివాడి మనసులో ఉన్నది బయటికొస్తుంది. ప్రిలిమ్స్, మెయిన్స్ ఆమెకో లెక్కా? ఆమె ఆగిపోయేది సర్టిఫికెట్ వెరిఫికేషన్ కౌంటర్ దగ్గర.

"తండ్రి పేరేందమ్మా?"

పాపం, ఏమని చెబుతుంది? 1964లో స్టాన్ లీ, జాక్ కర్బీ ఆమెను 'ఎక్స్-మెన్' నాలుగో సంచికలో విలన్ మాగ్నెటో ముఠా మనిషిగా దింపినప్పుడు తండ్రి ఊసే ఎత్తలేదు. 1974లో విజ్జర్ అనే పాతకాలపు హీరోను చూపించి ఈయనే అన్నారు. ఎనభైల్లో నాలుక్కరుచుకుని, కాదు మాగ్నెటోయే అన్నారు. 2014లో ఆయనా కాదని తేల్చి, అన్నాళ్లూ పుట్టుకతోనే శక్తులొచ్చే మ్యూటెంట్ల కోటాలో ఉన్న పిల్లను ఆ తర్వాత ఆ కోటాలోంచీ తీసేశారు. సినిమాల్లోనైతే బాంబు దాడిలో పోయిన మామూలు తల్లిదండ్రులు. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వస్తేనే నోటరీ అఫిడవిట్ తెమ్మనే ఊరు మనది.

"ఒకటి నుంచి ఏడు దాకా యాడ చదివినవ్?"

సొకోవియాలో. 2015 సినిమాలో అక్కడి నగరం గాల్లోకి లేచి తునాతునకలైంది. బోనఫైడ్ ఇవ్వడానికి హెడ్మాస్టరు లేడు, సంతకానికి తాసిల్దారు లేడు. నాన్ లోకల్. తర్వాతి వాళ్లను పిలవండి.

అసలు ఆమె చేతికి మంత్రశక్తి ఇచ్చినవాళ్లే, వాడుకున్నప్పుడల్లా మతి చెడిందని రాశారు. 2005 కామిక్స్‌లో ఒక్క మాటతో లక్షలాది మ్యూటెంట్ల శక్తులు ఊడబెరికింది, కాబట్టి పిచ్చిది. 2021 'వాండావిజన్'లో ప్రియుడు పోయిన దుఃఖంతో వెస్ట్‌వ్యూ అనే ఊరిని తన టీవీ సీరియల్లో బంధించింది, కాబట్టి ప్రమాదకారి. 2022లో తెలుగు డబ్బింగులోనూ వచ్చిన సినిమాలో కథ నడిపిందంతా ఆమే, టైటిల్ మాత్రం డాక్టర్ స్ట్రేంజ్‌ది. నిషిద్ధ గ్రంథం ఇద్దరూ వాడారు. ఆమె మీద కొండ కూలింది. డాక్టరుగారికి మూడో కన్ను మొలిచింది, తర్వాతి పోరాటానికి పిలుపూ వచ్చింది.

మనమేం తక్కువ తినలేదు. శశిరేఖ వ్యాసభారతంలో లేదు, మనవాళ్లు కల్పించుకున్న పిల్ల. 1957 'మాయాబజార్'లో పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుణ్ని హడలెత్తించిన మాయాశశిరేఖను చూసి ముచ్చటపడని తెలుగువాడు లేడు. ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడు నడుస్తున్నాడని ఒక్క అడుగుతో, ఒక్క గుడ్లురమడంతో చూపించిన సావిత్రికి దండం పెట్టాల్సిందే. కానీ శక్తి ఘటోత్కచుడిది. అసలు శశిరేఖను నిద్రలో ఉండగానే పడకతో సహా మోసుకుపోయారు. 1990లో 'జగదేక వీరుడు అతిలోక సుందరి' ఇంద్రజ సొంత మహిమ ఉన్న దేవకన్యే. అయితే ఉంగరం పోయింది. హాల్‌టికెట్ మరిచిన అభ్యర్థికి పరీక్ష కేంద్రం గేటు ఎంత తెరుచుకుంటుందో ఆమెకు స్వర్గం అంతే తెరుచుకుంది.

ఇంతకీ వాండా చేసిన నేరాలు రెండు. జరిగినదాన్ని జరగనట్టు మార్చేయడం, ఊరి జనాన్ని కదలకుండా కట్టిపడేయడం.

ఇప్పుడు అశోక్‌నగర్ చుట్టూ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ నుంచి నారాయణగూడ వైఎంసీఏ దాకా ఒక గీత గీయండి. 2022లో 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైంది, 2023 మార్చిలో ఆ పరీక్ష జరగలేదని తేలింది. జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు తీర్పుతో అదీ జరగలేదు. మధ్యలో ఆగస్టులో ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి తెరిచారు, తొందరున్నవాళ్లు ఈ ఊరి నెత్తిమీదుగా వెళ్లిపోవచ్చు. 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషనే మాయమై, 563 పోస్టులతో ఇంకోటి ప్రత్యక్షమైంది. జూన్ 9న మూడోసారి రాశారు. ఈలోగా పబ్లిక్ సర్వీస్ కమిషన్ పేరులో టీఎస్ పోయి టీజీ వచ్చింది. సీక్వెల్ కూడా ఉంది. మెయిన్స్ ర్యాంకుల జాబితాను 2025 సెప్టెంబరులో సింగిల్ జడ్జి కొట్టేస్తే, అదే నెలలో డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపేసింది.

మల్టీవర్స్ చూపించడానికి హాలీవుడ్‌కు వందల కోట్లు కావాలి. మనకు ఒక్క ప్రెస్ నోట్ చాలు. ఇన్ని లోకాలు తారుమారైనా ఎవరికీ మతి చెడిందని ఎవరూ రాయలేదు, ఎవరి మీదా కొండ కూలలేదు. వాండా చేస్తే మంత్రగత్తె పని. ఆఫీసులో జరిగితే పాలనాపరమైన కారణాలు.

గీత లోపలివాళ్లు లక్ష్మీకాంత్ పాలిటీ ఎడిషన్లు మార్చుకుంటూ అక్కడే ఉన్నారు. వెస్ట్‌వ్యూ జనం వీళ్లకన్నా నయం, ఎంత బంధించినా వాండా వాళ్లను అద్దె అడగలేదు. ఇక్కడ బెడ్‌కు అడ్వాన్సు, స్టడీ హాల్‌కు నెల ముందే ఫీజు. పరీక్ష ఏ లోకంలో రద్దయినా రీఫండ్ లేదు.