‘అది పోదు సార్’ – సటీక, సతాత్పర్యం

అవతారిక

కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు. అనంతపురం బెంగుళూరు రోడ్డు పక్క రేకుల షెడ్డులో కార్లకు మెరుగు పెట్టే కుర్రవాడికి నేను దొరికాను. ఎవరి ప్రాప్తం వారిది.

వక్త ఆ కుర్రవాడు. శ్రోత ఈ టీకాకారుడే, నల్ల కారు కొనవద్దని ఇంట్లో చెప్పినా వినని విశ్రాంత తెలుగు లెక్చరరు. సందర్భం మూడు గంటల రుద్దుడు ముగిసిన మధ్యాహ్నం. కుర్రవాడు బానెట్ మీద టార్చి లైటు ఏటవాలుగా పట్టి, కాసేపు చూసి, ఆర్పేసి పలికాడు. రసం కరుణం. హాస్యమని మా ఆవిడ మతం. దానిని ఇక్కడ చర్చించడం లేదు.

మూలం

“అది పోదు సార్. పోయిండేది పెయింటే.”

ప్రతిపదార్థం

అది = బానెట్ మీద చినుకులు పడి ఎండినట్టు కనబడే తెల్లని చుక్కల గుంపు; పోదు = షాంపూకు పోదు, క్లే బారుకు పోదు, కాంపౌండుకు పోదు, యజమాని ఇస్తానన్న అదనపు ఐదు వందలకూ పోదు; సార్ = ఓ కారు గలవాడా (సంబోధన; జాలి వ్యంగ్యం); పోయిండేది = ఇప్పటికే పోయి ఉన్నది; పెయింటు + ఏ = రంగే, మరొకటి కాదు.

వ్యాకరణ విశేషం

‘పోయిండేది’ తప్పు కాదు. కోస్తావారికి ‘పోయి ఉండేది’ అంటే ఒకప్పుడు పోతూ ఉండేదన్న అర్థం స్ఫురించవచ్చు. మా అనంతపురంలో అది ఎప్పుడో పోయి, ఇక రాకుండా కూర్చున్న దానిని చెబుతుంది. చెరువులో నీళ్ళ గురించి మాట్లాడేటప్పుడు ఈ రూపం మాకు బాగా పనికొస్తుంది.

ఒకే ధాతువు రెండు వాక్యాలలో రెండు దిక్కులకు నడిచింది. పోవలసినది పోదు, పోకూడనిది పోయింది. అలంకారం విరోధాభాసమని నేను కుర్రవాడికి చెప్పాను. “అట్లనా సార్” అని బఫింగ్ మిషన్ తీగ చుట్టుకున్నాడు.

టీక

‘అది’ అన్న సర్వనామం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే భూగోళంలోకి దిగాలి. నైరుతి రుతుపవనాన్ని పడమటి కనుమలు ఆపుకుంటాయి. ఈశాన్యం సముద్రం దగ్గర కురిసి, మా దాకా వచ్చేసరికి అలసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర మా వాటా. కాబట్టి మా నీరు ఆకాశం నుంచి కాక వందల అడుగుల లోతు బోరు నుంచి వస్తుంది, రాళ్ళ మధ్య నుంచి సున్నాన్నీ మెగ్నీషియాన్నీ వెంటబెట్టుకుని.

ఆ నీటితో నేను ప్రతి ఆదివారం పది గంటలకు, ఎండలో, కారు కడిగేవాణ్ణి. “తాగేకి నీళ్ళు లేవంటే కారుకు స్నానమా?” అని మా ఆవిడ అడిగేది. కాలిన రేకు మీద పడ్డ నీరు గుడ్డ అందుకునేలోపు ఆవిరైపోతుంది. ఉప్పు మిగులుతుంది. అప్పటికప్పుడు తుడిస్తే పోయే సంగతే. వారాల తరబడి ఎండలో మాగితే ఆ ఉప్పు పై పూతను తినేస్తుంది. కాబట్టి ‘అది’ మరక కాదు. మరక పైన ఉంటుంది. ఇది గుంత.

కారు ఒంటికి కూడా కోశాలున్నాయి. ఉక్కు రేకు, తుప్పు పట్టనివ్వని తొలి పూత, ప్రైమరు, రంగు, దాని మీద అద్దంలాంటి క్లియర్ కోటు. రేకు మీది పూతలన్నీ కలిపి సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. అందులో క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక కంటే పలచన. మనం మెరుపు అనుకునేదంతా దానిలోనే ఉంది.

పాలిష్ అంటే ఏదో పూయడమని అనుకునేవాణ్ణి. కాదు, అది చెక్కడం. చేనులో ఒక గుంత ఉంటే దాన్ని పూడ్చకుండా, చేనంతటినీ గుంత లోతుకు దించితే గుంత కనబడదు కదా, అదీ పద్ధతి. పైపై గీతలకు సరిపోతుంది. గోరు పెట్టి గీస్తే తట్టుకునేంత లోతు గీత ఉంటే, అక్కడి దాకా చెక్కేలోపు చేనే ఉండదు.

ఇంకొక క్రూరత్వం ఉంది. చక్రాల్లా తిరిగే సన్న గీతలన్నీ ఆ రోజు నిజంగానే పోయాయి. బానెట్‌లో నా ముఖం కనబడింది. చుట్టూ నిగారింపు పెరిగేసరికి చుక్కలు మునుపటికంటే బాగా కనబడ్డాయి, నా ముఖం మీదే.

ఆక్షేపం: సిరామిక్ కోటింగ్ వేయిస్తే? సమాధానం: పారదర్శకమైనది దేనినీ దాచదు. పేరు తప్పుపడ్డ సర్టిఫికెట్టుకు లామినేషన్ చేయించడమే అవుతుంది.

ఆక్షేపం: మరి టచప్? ఇక్కడ నా వృత్తి అడ్డొచ్చింది. తాళపత్ర ప్రతిలో లేఖకుడి పొరపాటుంటే పరిష్కర్త దిద్దుతాడు. ఆకే చిరిగి అక్షరాలు పోతే ‘గ్రంథపాతం’ అని రాసి ఊరుకుంటాడు. ఊరుకోనివాడు సొంత పద్యం ఇరికిస్తాడు. 44వ నంబరు హైవే మీద కంకర టిప్పరు వెనక వెళ్ళినందుకు నా కారు ముక్కు మీద పదకొండు గ్రంథపాతాలున్నాయి. వాటిలో రెండింటికి టచప్ చేయించాను. రంగు కోడ్ అదే. కానీ కారు రంగు ఆరు వేసవులు చూసింది, సీసాలో రంగు ఒక్కటీ చూడలేదు. ప్రక్షిప్తమని చదువురానివాడైనా చెబుతాడు.

(ఈ కరవు నేల మీదే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి మూడు లక్షల సామర్థ్యంతో కట్టారు. నీరు గొల్లపల్లి రిజర్వాయరుది. కార్లకు రంగు వేసే చోట ధూళి కణం పడకూడదు. గోడ అవతల మా ఊళ్ళలో ధూళి పడని చోటు లేదు. నా కారు అక్కడిది కాదు, దాని గుంతలు నా స్వార్జితం.)

తాత్పర్యం

స్పష్టము.

పాఠాంతరం

మెరుగు పెట్టించిన కారులోనే ఆ తరువాతి ఆదివారం లేపాక్షి వెళ్ళాం. అచ్యుతదేవరాయల కాలపు వీరభద్రాలయం. పైకప్పు మీది బొమ్మల్లో రంగు అక్కడక్కడ పెచ్చులూడింది. పూర్తికాని కల్యాణ మండపం దగ్గర గోడ మీద రెండు ఎర్రని మరకలు. గుడి కట్టించిన విరూపణ్ణ పెనుకొండ కోశాధికారి. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని నింద పడితే తన కళ్ళు తానే పెరికి ఆ గోడకు కొట్టాడని అక్కడివారు చెబుతారు.

ఒక పిల్లవాడు వేలికి ఉమ్మి తడి చేసుకుని గోడ వైపు చెయ్యి చాచాడు. వాళ్ళమ్మ చెయ్యి పట్టి లాగింది.

“రుద్దొద్దురా, అది పోదు.”

లేపాక్షి ప్రతిలో ‘సార్’ లేదు. రెండో వాక్యమూ లేదు.