ఎరల కొట్టు, తెరల కొట్టు

టెక్సస్ చేపలకి క్యాలెండర్‌తో పని లేదు. పట్టేవాళ్ళకే ఉంది. అక్కడ గాలం వేసేవాడి సంవత్సరం ఉగాదితోనూ మొదలవదు, జనవరితోనూ మొదలవదు. సెప్టెంబర్ 1న పుట్టి ఆగస్టు 31న పోతుంది. కొత్త సంవత్సరం లైసెన్సులు ఆగస్టు 15 నుంచి అమ్ముతారు. ఆగస్టు మొదటి వారంలో చేపల మీద మనసుపడి, 30 డాలర్లు పోసి మంచినీటి లైసెన్సు కొన్న పుణ్యాత్ముడు నెల తిరక్కుండానే ఇంకో 30 డాలర్లు పొయ్యాలి. కొన్న రోజు నుంచి ఏడాది పొడవునా నడిచేది, మంచినీళ్ళకీ ఉప్పునీళ్ళకీ పనికొచ్చేది 47 డాలర్లకి మరొకటుంది. ఈ సంగతంతా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో శుభ్రంగా రాసే ఉంటుంది. తొందరలో ఉన్నవాడు చదవకుండా డబ్బు కడితే అది వెబ్‌సైట్ తప్పు కాదు.

అదే ఎరల కొట్లో అయితే కౌంటర్ వెనకాయన కళ్ళజోడు మీంచి చూసి, “ఇంకో పది రోజులు ఓపిక పట్టు, కొత్తదే తీసుకుందువు గాని” అంటాడు. తన బేరం తానే చెడగొట్టుకునే అమ్మకందారుణ్ణి ఇంతవరకూ ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ తయారుచెయ్యలేదు.

టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ లైసెన్సులు రాష్ట్రం మొత్తమ్మీద సుమారు 1,700 దుకాణాల్లో దొరుకుతాయి. క్రీడాసామగ్రి అమ్మే పెద్ద షాపులు, సూపర్‌మార్కెట్లు, పెట్రోలు బంకు పక్కన చిల్లర కొట్లు, చెరువుగట్టు మీద ఎరల కొట్లు. వీటిల్లో పెద్ద షాపుల గురించి పొగడాల్సిందేం లేదు. అక్కడ లైసెన్సు మిషను ఒక చోట, దాన్ని నడపడం తెలిసిన మనిషి ఇంకో చోట ఉంటారు. మైకులో మూడుసార్లు పిలిచాక పెయింట్ల విభాగం నుంచి ఓ కుర్రాడు వస్తాడు. అతనికీ పాస్‌వర్డ్ గుర్తుండదు.

చూడాల్సింది ఎరల కొట్టు. ఓ మూల తొట్టెలో గాలిబుడగల మధ్య చిట్టిచేపలు గిరగిరా తిరుగుతుంటాయి. పక్కనే ఫ్రిజ్. పై అరలో కూల్‌డ్రింకులు, నడిమి అరలో శాండ్‌విచ్‌లు, కింది అరలో థర్మాకోల్ డబ్బాల్లో డజను లెక్కన వానపాములు. ఆకలి మీదున్నవాడు కాస్త చూసుకుని తియ్యడం మంచిది. గల్లాపెట్టె పక్కన లైసెన్సు మిషను. దాని ముందు నిలబడ్డవాణ్ణి పేరు, చిరునామా, పుట్టినతేదీ అడుగుతారు. తర్వాత ఎత్తు, కళ్ళ రంగు, బరువు. బరువు దగ్గర క్యూ అంతా నిశ్శబ్దమైపోతుంది. పట్టిన చేపకి రెండు కిలోలు కలిపి చెప్పడం అలవాటైన జాతి, కలిపిందంతా ఇక్కడ సొంత ఒంట్లోంచి తీసేసి లెక్క సరిచేసుకుంటుంది.

ఆ పైన సోషల్ సెక్యూరిటీ నంబరు. చేపకీ దానికీ ఏమిటి చుట్టరికం అంటే, ఉంది. విడిపోయాక పిల్లల పోషణఖర్చు ఎగ్గొట్టే తల్లిదండ్రుల్ని పట్టుకోవడానికి 1996 నాటి సంక్షేమ సంస్కరణల చట్టమూ, దాని వెనకే వచ్చిన సవరణలూ డ్రైవింగ్ లైసెన్సులు, వృత్తి లైసెన్సులతోపాటు వేట, చేపల లైసెన్సుల దరఖాస్తుల్లోనూ ఆ నంబరు తీసుకోమన్నాయి. బకాయి పెట్టినవాడి లైసెన్సు ఆపే అధికారం రాష్ట్రాలకి ఉంది. మనిషి కోర్టు నోటీసుకి దొరక్కపోవచ్చు గానీ శనివారం పొద్దున చెరువు దగ్గరికి రాకుండా ఉండలేడని వాషింగ్టన్‌లో ఎవరో బాగా కనిపెట్టారు.

ఇంత గొడవెందుకు, ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చుగా! కొనుక్కోవచ్చు. అర్ధరాత్రయినా, లుంగీలో ఉన్నా ఫర్వాలేదు. బరువు ఎంతని కొట్టినా వెనక నవ్వేవాడు లేడు. టైపు చేసేది మనమే, అక్షరదోషాలు దిద్దుకునేది మనమే, కార్డు నంబరు ఎక్కించేది మనమే. అంతా అయ్యాక 5 డాలర్ల నిర్వహణ రుసుము కట్టేదీ మనమే. కొట్లో ఇంకో మనిషి నిలబడి ఈ పనంతా మనకోసం చేసిపెడితే ఆ 5 డాలర్లు లేవు. గుమాస్తాగిరీ మనచేత చేయించుకుని, గుమాస్తా కూలి కూడా మన దగ్గరే వసూలు చేసే ఈ ఏర్పాటుని సౌకర్యం అంటారు. ముప్ఫై మీద అయిదంటే ఆరోవంతు.

డాలస్ ఉత్తర శివార్లలో, ఫ్రిస్కో, ప్లానోలలో, ఇటు ఇర్వింగ్‌లో తెలుగు ఇంజనీర్లకి కొదవ లేదు. జనాన్ని కౌంటర్ ముందు నుంచి లేపి తెర ముందు కూర్చోబెట్టడమే వీళ్ళలో చాలామందికి ఉద్యోగం. అయినా వేసవిలో ఇండియా నుంచి నాన్నగారు దిగాక వీళ్ళ కార్లు కూడా ఎరల కొట్టు వైపే తిరుగుతాయి. కోనసీమలో కాలవగట్టున పుట్టి, రిటైరై, అమెరికాలో నాలుగు గోడల మధ్య రిమోట్ నొక్కుతూ కూచున్న పెద్దమనిషి ఎవరైనా సరే, దారిలో సంభాషణ ఇంచుమించు ఇలాగే నడుస్తుంది.

“చెరువు ఎవరిదిరా?”

“గవర్నమెంటుది నాన్నా.”

“ఈ ఏడు పాట ఎవరు పాడుకున్నారు?”

“ఇక్కడ పాటలుండవు. ఎవరి లైసెన్సు వాళ్ళు తీసుకోవడమే. నాకు ఒక రోజుకి 11 డాలర్లు, మీకు 16.”

“నాకెందుకురా ఎక్కువ? పెద్దవాళ్ళకి తగ్గించాలి గాని!”

“తగ్గిస్తారు నాన్నా. టెక్సస్ వాళ్ళకి.”

పదహారు డాలర్లంటే దాదాపు 1,400 రూపాయలు. ఆ డబ్బుతో రావులపాలెంలో ఆరు కిలోల బొచ్చె వస్తుందనీ, ముక్కలు కూడా కొట్టించి ఇస్తారనీ పెద్దాయన లెక్క. లెక్కలో తప్పేం లేదు. టెక్సస్ వాడిగా గుర్తించాలంటే ఆ రాష్ట్రంలో వరుసగా ఆరు నెలలకి పైగా ఉండాలి. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళని మామూలుగా ఉండనిచ్చేది ఆరు నెలలు. అంటే నాన్నగారు టెక్సస్ వాడయ్యే రోజుకి సరిగ్గా శంషాబాద్‌లో సామాన్ల బెల్టు దగ్గర నిలబడి ఉంటారు. పదిహేడేళ్ళు నిండని వాళ్ళకి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి మనవడికి ఖర్చు లేదు. అందుకే చాలా చెరువుగట్ల మీద మనవడు గాలం పట్టుకుంటాడు, తాతయ్య ఉత్తచేతులతో నిలబడి, “లాగు, లాగరా, అలా కాదు” అంటుంటాడు. ఆగలేక ఆ కర్ర తాతయ్య అందుకున్న క్షణాన గేమ్ వార్డెన్ వచ్చాడంటే జరిమానా 25 నుంచి 500 డాలర్ల దాకా ఉండొచ్చు.

దుకాణమే మేలనిపించే చోటు ఇంకొకటుంది, టెక్సోమా చెరువు. 1944లో పూర్తయిన డెనిసన్ ఆనకట్ట వెనక ఎర్రనది నిలిచి ఏర్పడ్డ ఈ నీళ్ళలో కొంత టెక్సస్‌వి, సగానికి పైగా ఓక్లహోమావి. రాష్ట్రాల సరిహద్దు నీళ్ళలోంచే పోతుంది. చారల బాస్ చేపకి అది తెలియదు, ఇటు ఎర మింగి అటు లాగుతుంది. టెక్సస్ లైసెన్సు టెక్సస్ వైపు నీళ్ళకే చెల్లుతుంది. రెండు వైపులా తిరగాలంటే 12 డాలర్ల టెక్సోమా లైసెన్సు విడిగా ఉంది, పైగా దాని గడువు డిసెంబర్ 31. ఆగస్టుతో పోయే లైసెన్సుల మధ్య డిసెంబరుతో పోయేదొకటి. చెరువు పక్క కొట్లో కౌంటర్ దగ్గరికి వెళ్ళగానే మొదటి ప్రశ్న, “పడవా, గట్టా? పడవైతే ఎటు పోతారు?” ఈ ఒక్క ప్రశ్నతో పని అయిపోతుంది. తెర మీద లైసెన్సులు వరసగా పేర్చి ఉంటాయి, ఏది కావాలో తెలిసినవాడికి ఇట్టే దొరుకుతాయి. తెలియనివాడు అందులో ఖరీదైనది కొనేసి, అదే మంచిదై ఉంటుందని ఊరడిల్లుతాడు.

చేపలెక్కడ పడుతున్నాయో చెప్పే విషయంలోనూ ఇదే తంతు. ఆ శాఖ చెరువువారీగా వారం వారం నివేదికలు పెడుతుంది. నీటి వేడి ఇంత, నీటిమట్టం ఇన్ని అడుగులు తక్కువ, బాస్ బాగుంది, క్రాపీ ఫర్వాలేదు, క్యాట్‌ఫిష్ మందకొడి. చదువుతుంటే షేర్ మార్కెట్ వార్తలు విన్నట్టుంటుంది. కొట్లో ఆసామి అయితే ఈ నివేదిక చదవడు. “ఆనకట్ట కింద రాళ్ళ దగ్గర, కోడికాలేయం ముక్కతో, పొద్దుగూకాక” అంటాడు. ఆ కాలేయం డబ్బా ఆయన దగ్గరే కొనాలి. అయినా అది 5 డాలర్ల కన్నా తక్కువే.

ప్రభుత్వానికి ఈ లైసెన్సుల మీద ఇంత ప్రేమ ఎందుకంటే, దానికో పాత లెక్క ఉంది. 1950లో వచ్చిన డింగెల్-జాన్సన్ చట్టం ప్రకారం గాలాలూ రీళ్ళూ తయారుచేసేవాళ్ళ దగ్గర కేంద్రం పన్ను వసూలు చేస్తుంది. చాలా సామగ్రి మీద అది 10 శాతం. ఆ సొమ్ము రాష్ట్రాలకి పంచేటప్పుడు 40 శాతం భూమి, నీటి విస్తీర్ణాన్ని బట్టి, 60 శాతం లైసెన్సు కొన్నవాళ్ళ సంఖ్యని బట్టి ఇస్తారు. ఏ రాష్ట్రానికీ 5 శాతం మించదు, 1 శాతానికి తగ్గదు. ఒకడే నాలుగు రకాలు కొన్నా లెక్కలో ఒక్కడే. చేప పడిందా లేదా అన్న ప్రశ్న ఈ లెక్కలో ఎక్కడా లేదు. లైసెన్సు కొని, ఇంట్లో పడుకుని, ఒక్క చేపనీ ఇబ్బంది పెట్టనివాడే ఈ లెక్క ప్రకారం ఆదర్శ మత్స్యకారుడు. అలాంటివాళ్ళని వెతికి పట్టడానికి కొట్టు కన్నా వెబ్‌సైటే నయం. కొట్టాయనకి మన మొహం గుర్తుంటుంది, వెబ్‌సైట్‌కి మన ఈమెయిల్ గుర్తుంటుంది. ఆగస్టు రాగానే మొహం ఉత్తరం రాయదు.

ఆన్‌లైన్‌ని అంతా తీసిపారెయ్యక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి పడవ దింపేవాడికి ఏ కొట్టూ తెరిచి ఉండదు, ఫోన్ ఉంటుంది. కన్ఫర్మేషన్ నంబరు చేతికొచ్చిన క్షణం నుంచి గాలం వెయ్యొచ్చు, ట్యాగు కట్టాల్సిన జాతులకి మాత్రం ఆ నంబరొక్కటే చాలదు. కాలిఫోర్నియానే చూడండి, అక్కడ 2010 దాకా లైసెన్సు నడుం పైభాగాన బయటికి కనబడేలా తగిలించుకోవాల్సి వచ్చేది. గట్టు మీద నిలబడ్డ పెద్దమనుషులంతా స్కూలు పిల్లల్లా బ్యాడ్జీలతో కనిపించేవాళ్ళు. ఆ రాష్ట్రంలోనూ జనవరిలో కొన్నా నవంబరులో కొన్నా డిసెంబరు 31తోనే గడువు తీరేది. 2023లో కొన్న రోజు నుంచి 365 రోజులు నడిచే పద్ధతి పెట్టారు, ఫోన్‌లో చూపించినా ఒప్పుకుంటున్నారు. ఇది మంచిపనే. కాకపోతే తెరమీద ప్రభుత్వ సైట్ కన్నా ముందు, అచ్చం దానిలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఎదురొస్తాయి. లైసెన్సు ఇప్పిస్తామంటూ రుసుము మీద రుసుము గుంజుతాయి, కొన్నయితే డబ్బు తీసుకుని సలహాల పుస్తకం చేతిలో పెడతాయి. ఎరలు అమ్మేవి కొట్లే కావు మరి.

ఆంధ్ర తీరం కూడా ఈ దారిలోకి వచ్చేసింది. కాకినాడలోనూ విశాఖలోనూ మరబోట్ల రిజిస్ట్రేషన్లూ లైసెన్సులూ కేంద్రం వారి రియల్‌క్రాఫ్ట్ పోర్టల్లోకి చేరాయి. 2025 నవంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం దూరపు సముద్రంలో వేటాడే మరబోట్లకీ పెద్ద మోటారు పడవలకీ యాక్సెస్ పాసు కావాలి. అది కూడా ఆ పోర్టల్లోనే, ఉచితంగా. సంప్రదాయ పద్ధతిలో వేటాడే చిన్న పడవలకి అక్కర్లేదు. ఉచితమన్న మాట పోర్టల్ వరకే. వల బాగుచేసుకునే చేతులకి ఓటీపీలు కొరుకుడు పడవు కాబట్టి, బోటు యజమాని నెట్ సెంటర్ మెట్లెక్కి, అక్కడి కుర్రాడి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, పోర్టల్ నింపినందుకు ఆ కుర్రాడి చేతిలో డబ్బులు పెట్టి వస్తాడు. టెక్సస్ వాడు కొట్టు వద్దనుకుంటే ఆన్‌లైన్‌కి పోతాడు, మనవాడు ఆన్‌లైన్ కోసమే కొట్టుకి పోతాడు.

క్యూ అన్నా తెరన్నా పడనివాళ్ళకి టెక్సస్ శాఖ ఇంకో దారి ఉంచింది. ఏటా జూన్ మొదటి శనివారం ఎవరైనా లైసెన్సు లేకుండా చేపలు పట్టొచ్చు. ఆ ఒక్క రోజు చాలదంటే, స్టేట్ పార్కుల్లో గట్టు మీంచి గాలం వేసేవాళ్ళకి ఏడాది పొడవునా లైసెన్సు అక్కర్లేదు. చాలా పార్కుల్లో గాలాలు కూడా ఎరువిస్తారు. కోనసీమ నాన్నగారికి ఇంతకన్నా కావలసిందేముంది! మనిషికి కొన్ని డాలర్ల ప్రవేశ రుసుము ఉంటుంది, అంతే. అయితే వారాంతాల్లో పార్కు నిండగానే గేటు మూసేస్తారు కాబట్టి, ముందుగానే చోటు రిజర్వు చేసుకుని రమ్మని శాఖ వారి విజ్ఞప్తి. ఆన్‌లైన్‌లో.