కుర్చీకో కర్చీఫ్

న్యూజెర్సీలో ఉండే మా బావమరిది వచ్చే జులైలో కూపర్స్‌టౌన్ వెళ్దామంటున్నాడు. అక్కడి బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కొత్త వీరులకు పట్టాభిషేకం! రెండు వేల జనాభా కూడా లేని ఊరు. 2007లో ఆటగాళ్లు కాల్ రిప్కెన్, టోనీ గ్విన్‌ల కోసం సుమారు 75 వేల మంది వచ్చిపడ్డారు. గది కావాలంటే ఆటగాడు రిటైరైన రోజే బుక్ చేయాలి. ఎలాగూ ఐదేళ్లు ఆగితేగానీ అతనికి హాల్‌లో చేరే అర్హత రాదు.

చూడ్డం మాత్రం ఉచితం. పచ్చికలో వేసుకునే కుర్చీ మనమే మోసుకెళ్లాలి. ముందురోజే కుర్చీ వేసి చోటు పట్టేస్తారట. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫులు విసిరి పెరిగినవాళ్లం, మనకా నేర్పేది?

1839లో డబుల్‌డే అనే ఆయన ఇక్కడే ఆట కనిపెట్టాడన్న కథే ఈ వైభోగానికి మూలం. అది ఉత్తదేనని చరిత్రకారులు ఎప్పుడో తేల్చేశారు. హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం అంగుళం కదల్లేదు. స్థలపురాణానికి రుజువులెవరడుగుతారు?

2025లో ఈ హాల్‌లో చోటు కోసం జరిగిన ఓటింగ్‌లో జపాన్ ఆటగాడు ఇచిరోకి 394 ఓట్లలో 393 పడ్డాయి. ఓటెయ్యని ఆ ఒక్కణ్ని ఇంటికి పిలిచి మందు పోయిస్తానన్న ఇచిరో, తీరా వేదికెక్కాక పిలుపు వెనక్కి తీసుకున్నాడు. పాపం, ఇచిరోకీ ఆ వారాంతం గది దొరికి ఉండదు.