దూలం లేపిన మర

నాకు పేరు లేదు. ఆ ప్రయాణం కథ రాసిపెట్టిన విలియం బ్రాడ్‌ఫర్డ్ నన్ను పెద్ద ఇనుప మర అన్నాడు, అదీ ఒక్క చోట. అచ్చుయంత్రంలో కాగితాన్ని అదిమే మరనని కొందరూ, ఇళ్ళు కట్టేటప్పుడు దూలాలు లేపే జాకీనని కొందరూ ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ తగవు నేను తీర్చను. చుట్టు మీద చుట్టు తిరుగుతూ బరువుకు ఎదురు నిలవడం నా పని. మనుషులు మోసే బరువులు కూడా నాకు కొంత తెలుసు.

నన్ను వెంట తెచ్చుకున్నవాళ్ళు హాలండులోని లైడెన్ పట్నంలో తలదాచుకున్న ఇంగ్లీషువాళ్ళు. రాజుగారి చర్చి పద్ధతికి తలవంచలేక, 1608 ప్రాంతంలో స్క్రూబీ చుట్టుపక్కల పల్లెల నుంచి దొంగచాటుగా ఓడలెక్కి వచ్చేశారు. లైడెన్‌లో వాళ్ళ ప్రార్థనకు ఎవరూ అడ్డు రాలేదు. కూటికే కరువు. సేద్యం తప్ప మరో పని ఎరగని చేతులు ఆ పట్నం బట్టల పనిలో దూరాయి. బ్రాడ్‌ఫర్డ్ కూడా బట్ట నేసే బతికాడు. పిల్లల్ని కూడా పనిలో పెట్టక తప్పలేదు. ఎదగాల్సిన వయసులో వాళ్ళ నడుములు వంగిపోయాయి. కాస్త పెద్దవాళ్ళు కొందరు సైన్యంలోకో ఓడల మీదికో పోయారు. చిన్నవాళ్ళ నోట డచ్చి మాట తిరుగుతుంటే తల్లుల గుండె గుబగుబలాడేది. పైగా స్పెయినుతో హాలండుకున్న పన్నెండేళ్ళ సంధి 1621తో ముగుస్తుంది. మళ్ళీ యుద్ధం తప్పదని అందరికీ తెలుసు.

మతం కోసం సముద్రం దాటారని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళు ఈ పిల్లల నడుముల సంగతి మర్చిపోతారు. నేను మర్చిపోలేదు.

ఆ రోజుల్లో హాలండు ఓడలు ఎక్కడెక్కడికో పోయేవి. 1605 నుంచే మీ మచిలీపట్నం రేవులో లంగరు దించి అద్దకం బట్టలు కొనుక్కుపోయేవి. ఆ ఓడలెక్కిన వర్తకుడికి ఎప్పటికైనా ఇంటికి తిరిగి రావాలనే ఉండేది. మావాళ్ళు మాత్రం విత్తనాలూ, పనిముట్లూ, చంటిబిడ్డల గుడ్డలూ సర్దుకున్నారు. నన్నూ సర్దుకున్నారు. ముసలివాళ్ళను, పసివాళ్ళను కొందరిని లైడెన్‌లోనే వదిలారు. వాళ్ళ గురువు జాన్ రాబిన్సన్ కూడా అక్కడే ఆగిపోయాడు. మళ్ళీ ఆయన్ను చూసే రాత వాళ్ళకు లేకపోయింది.

ఓడకు డబ్బు పెట్టింది లండన్ వర్తకులు. 10 పౌండ్లకు ఒక వాటా. పదహారేళ్ళు నిండి, వలస వెళ్ళే ప్రతి మనిషీ ఒక వాటాకు సమానం. ఏడేళ్ళు అందరూ ఉమ్మడిగా చాకిరీ చేయాలి, ఆ తర్వాత ఉన్నదంతా పంచుకోవాలి. వారానికి రెండు రోజులు సొంత పనికి ఉంటాయనీ, ఇల్లూ పెరడూ ఎవరివి వాళ్ళకేననీ మొదట అనుకున్న మాటను చివర్లో కొట్టేశారు. కట్టుకోబోయే ఇంట్లో కూడా లండన్‌కు సగం! సౌతాంప్టన్ రేవులో ఆ కాగితం మీద సంతకం పెట్టబోమని మావాళ్ళు మొండికేశారు. అయితే చిల్లిగవ్వ కూడా ఇవ్వబోమన్నారు వర్తకులు. రేవు బాకీలు తీర్చడానికి ఓ 60 పౌండ్ల సరుకు, ముఖ్యంగా వెన్న పీపాలు, తెగనమ్ముకున్నారు. అంతటి సముద్రం దాటబోయే జనం తిండి అమ్ముకుని బయల్దేరారు.

మేఫ్లవర్ అనే ఓడతో కలిసి బయల్దేరిన రెండో ఓడ స్పీడ్‌వెల్ రెండుసార్లు నీళ్ళు కారి వెనక్కి మళ్ళింది. చివరికి 1620 సెప్టెంబరు 6న, అప్పటి ఇంగ్లీషు పంచాంగం ప్రకారం, 102 మందితో మేఫ్లవర్ ఒక్కటే ప్లిమత్ రేవు వదిలింది. అందరూ లైడెన్ భక్తులు కారు. భూమి కోసం, బతుకుతెరువు కోసం లండన్ వైపు నుంచి ఎక్కినవాళ్ళు కూడా దాదాపు అంతే మంది. అంతకుముందు ద్రాక్షసారాయి పీపాలు మోసిన ఓడ అది. ఇప్పుడు పై అంతస్తుకూ సరుకుల కొట్టుకూ మధ్య, పొడుగాటి మనిషి నడుం నిలపలేని చోట, జనాన్ని నింపారు.

నడిసముద్రంలో పడమటి గాలులు ముదిరాయి. అలలు కొట్టినప్పుడల్లా పైచెక్కల సందుల్లోంచి చలినీళ్ళు పక్కల మీద పడేవి. ఆ గాలుల్లోనే ఒకనాడు నడిమి దూలం ఒకటి పెళ్ళున విరిగి కిందికి వంగింది. కలప విరిగిన చప్పుడు నేను పెట్టెలోంచి విన్నాను. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఓడ నాయకుడు క్రిస్టఫర్ జోన్సూ, సరంగులూ ఒక పక్కకు పోయి వెనక్కి మళ్ళుదామా అని తర్జనభర్జన పడ్డారు. అప్పటికే సగం దారి వచ్చేశారు. వెనక్కి ఎంత దూరమో ముందుకూ అంతే.

అప్పుడు ఎవరికో నేను గుర్తొచ్చాను. నన్ను ఈడ్చుకొచ్చి దూలం కింద నిలబెట్టారు. పిడి తిప్పుతున్నకొద్దీ ఒక్కో చుట్టూ పైకి తేలాను. తల మీదికి ఓడంతా దిగినట్టుంది. కొయ్య మూలిగింది, విరిగిన పీచులు మళ్ళీ ఒకదానిలో ఒకటి దూరాయి. దూలం తన చోటికి వచ్చింది. వడ్రంగి దాని కింద ఒక నిట్రాట నిలిపి, అడుగు అంతస్తుకు బిగించి కట్టాడు. నన్ను విప్పి పక్కన పెట్టారు. ఆ రాత్రి చెమ్మ పక్కల మీద పిల్లలు నిద్రపోయారు.

నవంబరు 9న నేల కనబడింది. అది కేప్ కాడ్. శరదృతువు దాటిపోయింది. నాట్లకు అదను లేదు, ఇళ్ళకు కప్పు లేదు. 11న 41 మంది మగవాళ్ళు కలిసి కట్టుబాటు పత్రం మీద సంతకాలు చేశారు. తర్వాత దిబ్బల్లో పాతిపెట్టిన మొక్కజొన్న దొరికితే తవ్వి తెచ్చుకున్నారు. అది వాంపనోగ్ జాతివాళ్ళ విత్తనం. తర్వాత బదులు తీర్చారు గానీ, ఆకలితో తీసుకున్నా అది అడక్కుండా తీసుకున్నదే.

ఆ చలికాలం గురించి చెప్పాలంటే నాలాంటి ఇనుముకే కష్టంగా ఉంది. కొందరు ఓడలోనే, కొందరు ఒడ్డున సగం లేచిన పాకల్లో మంచాన పడ్డారు. చలి, స్కర్వీ, తడిబట్టలు. ఒక్కోరోజు ఇద్దరు ముగ్గురు పోయేవారు. లేచి తిరగగలిగినవాళ్ళు ఆరేడుగురే మిగిలిన రోజులున్నాయి. వాళ్ళే కట్టెలు కొట్టారు, గంజి కాచారు, రోగుల మురికిబట్టలు ఉతికారు. చర్చి పెద్ద విలియం బ్రూస్టరూ, సిపాయి మైల్స్ స్టాండిషూ ఆ ఆరేడుగురిలో ఉన్నారు. వసంతం వచ్చేసరికి వచ్చినవాళ్ళలో సగం మంది మట్టిలో ఉన్నారు. తల్లులు ఎక్కువగా పోయారు.

మార్చిలో టిస్క్వాంటం అనే మనిషి వచ్చాడు. మావాళ్ళు ఇళ్ళు లేపుతున్న చోటు అతని ఊరే. దాని పేరు పటుక్సెట్. 1614లో ఒక ఇంగ్లీషు నావికుడు అతన్ని ఎత్తుకుపోయి స్పెయినులో అమ్మేశాడు. అతను ఎలాగో లండన్ చేరి, 1619లో సొంత ఊరికి వచ్చేసరికి అంటురోగం ఊరంతటినీ తుడిచిపెట్టేసింది. సాగు చేసి వదిలేసిన పొలాలు దొరికాయని మావాళ్ళు దేవుడికి దండం పెట్టుకున్నారు. ఆ పొలాల్లో మొక్కజొన్న పాదులకు చేప ఎరువు ఎలా వేయాలో చూపింది టిస్క్వాంటమే. తన అమ్మలూ అక్కలూ నాటిన నేల మీద నిలబడి పరాయివాళ్ళకు నాట్లు నేర్పుతున్నప్పుడు అతని కడుపులో ఏముందో ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 5న మేఫ్లవర్ తిరుగు ప్రయాణం కట్టింది. నేను లేపిన దూలమూ దాని కింద నిట్రాటా వెళ్ళిపోయాయి. మావాళ్ళలో ఒక్కరు కూడా ఆ ఓడ ఎక్కలేదు.

నవంబరులో ఫార్చ్యూన్ అనే ఓడ 35 మందిని దించింది. వాళ్ళతో తిండిగింజలు దాదాపు లేవు. ఉన్న గింజలే అందరికీ పంచాల్సి వచ్చింది. లండన్ నుంచి ఒక ఉత్తరం మాత్రం వచ్చింది. మేఫ్లవర్‌ను ఖాళీగా పంపారేమని నిష్ఠూరం. ఆ ఉత్తరం చదివిన చేతులు ఏడాదిగా గోతులు తవ్విన చేతులు. సౌతాంప్టన్‌లో పెట్టనన్న సంతకం అప్పుడు పెట్టారు.

అప్పటికి లేచిన నివాసపు ఇళ్ళు ఏడు. కొత్తవాళ్ళకు చోటు కావాలి. ఎనిమిదో ఇంటి దూలం కింద నన్ను నిలబెట్టారు. పిడి తిప్పడానికి మగవాళ్ళు చాలలేదు. లైడెన్ నుంచి వచ్చిన పిల్లలు ఇద్దరు వచ్చి పిడి పట్టుకున్నారు, నడుములు వంచి తోశారు. నేను ఒక్కో చుట్టూ పైకి లేచాను.