"వీడియోవాళ్ళెందుకండీ": సటీకా తాత్పర్యం

మూలం

"వీడియోవాళ్ళెందుకండీ, దండగ! మనవాళ్ళందరి దగ్గరా ఫోన్లున్నాయిగా."

అవతారిక

ఈ వాక్యానికి కర్త కన్యాదాత. స్థలం తణుకులో వారి ఇంటి వరండా. కాలం, కల్యాణమండపానికి అడ్వాన్సు కట్టి వచ్చిన సాయంత్రం. ఎదుట శ్రోతలు భార్య, పెళ్ళికూతురు, బావమరిది. చేతిలో ఖర్చుల చిట్టా. క్యాటరింగు, డెకరేషను, సన్నాయిమేళం, పురోహితుడిగారి సంభావన, పెట్టుబడి చీరలు అన్నీ టిక్కులు పడుతూ వచ్చి, "ఫోటో, వీడియో" అన్న వరస దగ్గర కలం ఆగింది. ఆ పక్కనే కొటేషను. పూర్వం బోయవాడి బాణం చూసిన శోకం శ్లోకమైంది. ఇక్కడ కొటేషను చూసిన శోకం ఈ వాక్యమైంది.

పద్యం కాదు గదా, యతి ఎక్కడిదని అడగరాదు. "దండగ" అన్నాక ఆయన కాఫీ ఒక గుక్క తాగారు. అదే యతిస్థానం.

దీనికి ఇంతకుముందే ఒక వ్యాఖ్య ఉంది. పెళ్ళికూతురు చేసింది. గది తలుపు ధడాలున వేసిన చప్పుడు రూపంలో ఉన్న ఆ వ్యాఖ్య మరీ సంగ్రహం కావడంవల్ల విపులవ్యాఖ్య అవసరపడింది. మెదక్ ప్రాంతపు కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు తాను రాసిన వ్యాఖ్యకు "సంజీవని" అని పేరు పెట్టాడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ కూడా పట్టాడు. ఆ ఆచారం ప్రకారం దీన్ని "పెన్‌డ్రైవ్ సంజీవని" అందాం. ప్రతిజ్ఞ మాత్రం పట్టలేం. పెళ్ళిమాట ఎత్తాక అక్కర్లేనిది చెప్పకుండా ఉండడం మానవమాత్రుల వల్ల అయ్యే పని కాదు.

టీక

వీడియోవాళ్ళు: ఈ బహువచనం గౌరవార్థకమని కొందరు. కాదు, అచ్చంగా సంఖ్యావాచకమే. 1990లలో ఇది ఏకవచనం. వీహెచ్ఎస్ కెమెరా భుజానికెత్తుకున్న ఒక్క మనిషి, పక్కన హాలోజన్ లైటు పైకెత్తి పట్టుకున్న కుర్రాడు, ఆ లైటు తీగ మండపమంతా పాకి ముత్తైదువల కాళ్ళకు చుట్టుకోవడం, దాని వేడికి పెళ్ళికొడుకు కల్యాణం బొట్టు చెమటతో జారిపోవడం, అంతే వ్యవహారం. ఇప్పుడు ట్రెడిషనల్ ఫోటోకి ఒకరు, ట్రెడిషనల్ వీడియోకి ఒకరు, క్యాండిడ్‌కి మళ్ళీ ఇద్దరు, డ్రోనుకొకరు, బయట ఎల్ఈడీ తెర మీదికి మిక్సింగ్ చెయ్యడానికి ఇంకొకరు. మగపెళ్ళివారు తమ తరఫున వేరే జట్టును తెచ్చుకుంటే, ద్వివచనం సంస్కృతానికే కాదు తెలుగుకీ ఉందని తేలుతుంది.

ఎందుకండీ: రూపం ప్రశ్న, భావం నిషేధం. అయితే "అండీ" దగ్గర ఒక చిక్కు. వరండాలో ఉన్నవాళ్ళలో ఆయన అండీ అనదగిన మనిషి ఎవరూ లేరు. భార్యను అనరు, కూతుర్ని అనరు, బావమరిదిని అసలే అనరు. కాబట్టి ఇది రాత్రికి వియ్యంకుడిగారితో ఫోన్లో అనబోయే మాటకు రిహార్సలని గ్రహించాలి. అవతలివైపు నుంచి "ఔనండీ, నిజమే" అని వస్తే ఖర్చు తప్పుతుంది. "పోనీ మేం పెట్టుకుంటాం లెండి" అని వస్తే పరువు పోతుంది. ఒక్క అండీలో ఇంత జూదం ఉంది.

దండగ: డబ్బిచ్చాక తినడానికీ, కట్టుకోవడానికీ అక్కరకు రానిది. ఈ నిర్వచనం ప్రకారం తెల్లారేసరికి వాడిపోయే స్టేజీ పూలు కూడా దండగే. వాటిని చిట్టాలో టిక్కు పెట్టి ముందుకు పోయారు గనుక, కర్త ఉద్దేశంలో దండగ అంటే ఊళ్ళోవాళ్ళు ఆ రోజే చూసి మెచ్చుకోనిది అని అర్థం చెప్పుకోవాలి.

మనవాళ్ళు: వ్యాఖ్యాతకు అసలు పని పడేది ఈ మాట దగ్గర. మనవాళ్ళంటే పెళ్ళికి వచ్చిన చుట్టాలు. చుట్టానికి పెళ్ళిలో తన పనులు తనకున్నాయి. పలకరింపులున్నాయి, అలకలున్నాయి, బంతిలో చోటు చూసుకోవడం ఉంది. అతను ఫోను తీస్తే తనవాళ్ళనే తీస్తాడు. కిందటేడు మా దూరపు బంధువుల పెళ్ళి ఒకటి ఇలా ఫోన్ల భరోసా మీదే జరిగింది. తరవాత అందరూ పంపినవి కూడబెట్టి చూస్తే, పెళ్ళికొడుకు మేనత్త కొత్త వడ్డాణం అన్ని కోణాల్లోనూ ఉంది. ఎవరి పిల్లాడో మండపం మెట్ల మీద జారుతూ ఉన్నాడు. ఐస్‌క్రీం స్టాలు ఉంది. తలంబ్రాల ఘట్టం ఐదుగురు తీశారు, ఐదింటిలోనూ ఎదుటివాడి ఫోను వెనకవైపు స్పష్టంగా ఉంది. కన్యాదానం ఒక్కరూ తియ్యలేదు. కాళ్ళు కడిగేటప్పుడు పెళ్ళికూతురి తండ్రి ముఖం ఎలా ఉందో ఇక ఎవరికీ తెలియదు.

ఫోన్లున్నాయిగా: ఉండడం వేరు, వేళకు పనికిరావడం వేరు. 4కెలో తీస్తే కొన్ని ఫోన్లు నిమిషానికి 170 ఎంబీ దాకా మింగుతాయి, అంటే గంటకు 10 జీబీ పైమాటే. ఏడాదిగా తుడవని గుడ్ మార్నింగులతో నిండిన ఫోను సరిగ్గా సుముహూర్తం వేళకే చేతులెత్తేస్తుంది. నిలువుగా పట్టుకు తీసింది తెచ్చి టీవీలో వేస్తే తెరలో మూడోవంతు కూడా నిండదు, వధూవరుల్లో ఎవరో ఒకరు అంచు అవతలికి పోతారు. పైగా మన ముహూర్తాలు చాలామటుకు రాత్రివి. అర్ధరాత్రి దాటాక రెండింటికో రెండున్నరకో లగ్నమంటే, ఆ వేళకు మనవాళ్ళలో సగం మంది కుర్చీల్లో మెడలు వాల్చి ఉంటారు.

పూర్వపక్ష సిద్ధాంతాలు

ఎవరో ఒకరు ఆ వేళకు లేచి తీస్తారు గదా అని పూర్వపక్షం.

సమాధానం. మన సంప్రదాయంలో సుముహూర్తమంటే తాళి కట్టే క్షణం కాదు, జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. సినిమాలు చూసి చూసి పెళ్ళంటే తాళేననుకునే కుర్రకారుకు ఇది తట్టదు. ఆ క్షణానికి వధూవరుల మధ్య తెర పట్టి ఉంటుంది. తెరకు ఇటు పెళ్ళికూతురు, అటు పెళ్ళికొడుకు. ఇద్దరూ తెర మీదుగా చెయ్యి చాపి ఒకరి నెత్తిన ఒకరు ఆ ముద్దను ఉంచాలి. ఇటు నిలబడ్డవాడికి అటు ముఖం కనబడదు. ఒక కెమెరాతో ఈ ఘట్టం పట్టడం బ్రహ్మతరం కాదు. రెండు కావాలి, చెరోవైపు, ముందుగా మాట్లాడుకుని నిలబడాలి. తెర దించగానే మొదటిచూపు ఒక లిప్తపాటు ఉంటుంది, రెండోసారి ఉండదు. సరిగ్గా అప్పుడే గట్టిమేళం మోగుతుంది, సభ మొత్తం లేచి నిలబడి అక్షింతలు విసురుతుంది. మనవాడికి ఒక చేతిలో అక్షింతలు, ఒక చేతిలో ఫోను. ఏ చెయ్యి విసిరాలో తెలియని తికమకలో ఫోను విసిరినవాళ్ళూ లేకపోలేదంటారు. అది ప్రక్షిప్తమని నా అభిప్రాయం.

ఇంకొక ప్రమాణం. 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షను, సప్తపది ఉన్న పెళ్ళిళ్ళలో ఏడో అడుగు పడగానే వివాహం పూర్తయినట్టని చెబుతుంది. అంటే చట్టం కంటికి పెళ్ళంటే ఆ అడుగులే. ఆ వేళకు సభలో ఎవరుంటారు? గట్టిమేళం ఆగీ ఆగకముందే మనవాళ్ళూ, వాళ్ళతోపాటు ఫోన్లూ భోజనాల హాలుకు తరలిపోతాయి. మిగిలేది వధూవరులు, రెండుజతల తల్లిదండ్రులు, పురోహితుడు, కూలి తీసుకున్నందుకు కదలడానికి వీల్లేక నిలబడ్డ వీడియో మనిషి. ప్రభుత్వం గుర్తించే పెళ్ళికి బయటి సాక్షి అతనొక్కడే.

తాత్పర్యము

ఓ కన్యాదాతా! చుట్టము నీ యింట భుజించుటకును, తాను కనబడుటకును వచ్చును. వాని నేరమేమియు లేదు. వేతనమునకు వచ్చినవాడు మాత్రమే చూచుటకు వచ్చును. నీవా ద్రవ్యమును కెమెరా కొరకిచ్చుట లేదు, బంతికి లేవకుండ నిలుచు రెండు కన్నుల కొరకిచ్చుచున్నావు అని భావము.

విశేషాలు

అలాగని వీడియోవాళ్ళను వెనకేసుకురావడం ఈ వ్యాఖ్య ఉద్దేశం కాదు. వాళ్ళ ఆగడాలు చిన్నవేం కావు. "పంతులుగారూ ఒక్క నిమిషం" అని మంత్రం మధ్యలో ఆపుతారు. మూడుముళ్ళలో రెండోది సరిగా పడలేదని మళ్ళీ వేయిస్తారు, అప్పుడది నాలుగోముడి అవుతుందా అన్నది ధర్మశాస్త్రం తేల్చని సందేహం. పెళ్ళికూతురు ఏడవబోతుంటే "స్మైల్ మేడమ్" అంటారు. మండపం ముందు ముగ్గురు వీపులు పెట్టి నిలబడితే, ముందువరసలో కూర్చున్న పెద్దవాళ్ళు పెళ్ళికి వచ్చి ఎల్ఈడీ తెరలో పెళ్ళి చూసి వెళ్తారు.

డ్రోను విషయం. 250 గ్రాములు మించనిదాన్ని 2021 డ్రోన్ నిబంధనలు నానో అంటాయి. నానో అయినా దాని రెక్కల గాలికి పళ్ళెంలో అక్షింతలు లేచిపోతాయి, హోమంలో పొగ పురోహితుడి కళ్ళలోకి మళ్ళుతుంది. పైనుంచి చూస్తే అందరి పెళ్ళీ ఒకటే షామియానా.

శబ్దం విషయం. ఇరవై అడుగుల దూరాన ఫోనుకు వినబడేది డోలు ఒక్కటే. తెలిసినవాళ్ళయితే పురోహితుడి కండువాకు చిన్న మైకు తగిలిస్తారు, లేదా మైకుసెట్టు నుంచే తీగ లాక్కుంటారు. అది ముందే అడగాలి. ఆ తరవాత మంత్రం మీద సినిమా పాట పరిచేస్తారేమో అదీ అడగాలి. 1961 నాటి "సీతారామ కల్యాణం", 1991 నాటి "పెళ్ళిపుస్తకం" సినిమాల్లోని పెళ్ళిపాటలు మోగని తెలుగు పెళ్ళి క్యాసెట్ అరుదు. రెండోది రాసిన ఆరుద్రగారు అన్ని పెళ్ళిళ్ళకూ పిలవకుండా వచ్చిన పెద్దమనిషి. కాపీరైట్ చట్టం 52వ సెక్షను పెళ్ళి వేడుకలో పాట మోగించడానికి మినహాయింపు ఇస్తుంది గాని, అదే పాట అంటించిన వీడియోను అమెరికాలో ఉన్న అక్కకోసం యూట్యూబులో పెడితే పాట మూగబోవచ్చు, దాంతోపాటు కింద ఉన్న మంత్రమూ పోతుంది. అదే చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవారే ఆ వీడియోకు తొలి హక్కుదారులు. కాన మీ అప్పగింతల ఏడుపు వాళ్ళ ఇన్‌స్టాగ్రాం ప్రకటన కాకూడదనుకుంటే, సంతకం పెట్టే కాగితంలో చిన్నక్షరాలు కళ్ళజోడు పెట్టుకు చదవాలి.

ఇక ముఖ్యమైన విశేషం. పాత క్యాసెట్లలో అందరూ విసుక్కుని ముందుకు తిప్పిన భాగం ఒకటుండేది, భోజనాల బంతి. కెమెరా వరస చివరనుంచి చివరదాకా మెల్లగా నడిచేది. ఒకాయన నోట్లో బూరెతో వద్దు వద్దని చెయ్యి ఊపేవాడు. ఒక ముసలమ్మ చెంగు మొహానికి అడ్డం పెట్టుకునేది, మళ్ళీ వేళ్ళసందులోంచి చూసేది. వడ్డించేవాడి గరిటె కెమెరా ముందునుంచి పోయేది. ఆనాడు పెళ్ళికొడుకు పక్కన గుండెకాయ బొమ్మ, పెళ్ళికూతురు ముఖం చుట్టూ విచ్చుకునే తామరపువ్వు పెట్టిన మిక్సింగు మీద మనకు మక్కువ. ఇప్పుడు ఆ క్యాసెట్ ఎవరైనా వేస్తే తామరపువ్వును చూసి నవ్వి, బంతి దగ్గర ఆపమంటారు. ఆ వరసలో కూర్చున్నవాళ్ళు ఇప్పుడు చాలామంది లేరు, వాళ్ళు కదులుతూ ఉన్న చోటు అదొక్కటే. ఇప్పటి సినిమాటిక్ టీజరు మూడు నిమిషాల్లో ముగుస్తుంది, అందులో బంతి ఉండదు, ముసలమ్మా ఉండదు. అందువల్ల తీసుకునేటట్టయితే ట్రెడిషనల్ వీడియోనే తీసుకోవాలి. కత్తిరించని పూర్తి ఫుటేజీ మన హార్డ్‌డిస్కులో వేసి ఇమ్మనాలి, అది రెండుచోట్ల దాచాలి. వీసీఆర్ల తయారీ 2016లో ఆగిపోయింది, చాలా ఇళ్ళలో క్యాసెట్ ఉంది, వేసే పెట్టె లేదు. పెన్‌డ్రైవుకు ఆ గతి ఎప్పుడు పడుతుందో ఈ సంజీవని కూడా చెప్పలేదు.

బాకీ డబ్బు విషయంలో వ్యాఖ్యాతలందరిదీ ఏకాభిప్రాయం. ఫుటేజీ చేతికొచ్చేదాకా పూర్తిగా ఇవ్వకూడదు. ఆల్బం ఫోటోలు ఏరి ఇవ్వడంలో ఆలస్యం ఎప్పుడూ మనదే, నెపం వాళ్ళది.

పాఠాంతరం

పై మూలం కన్యాదాత నోటి ప్రతిని బట్టి ఇచ్చింది. వారి భార్య దగ్గర వేరొక పాఠం దొరుకుతోంది: "డ్రోను ఎందుకండీ, దండగ! ప్రీ వెడ్డింగ్ పాట ఎందుకండీ, దండగ! వీడియో ఉండాలి." ఈ పాఠంలో అండీ అతుకుతుంది, ఎదుటే భర్త ఉన్నారు గనుక. అన్వయం కుదురుతుంది, భావం నిండుగా ఉంది, కలం ఆవిడ చేతిలో ఉంది. ఇదే గ్రాహ్యం. చిట్టాలో ఆ వరస పక్కన టిక్కు ఉంది, దాని కింద క్యాటరింగ్ అతనికోసం ఆవిడే చేర్చిన ఒక చిన్న అక్షరాల పంక్తి ఉంది: "వీడియోవాళ్ళకి నాలుగు ఆకులు ఎక్కువ చెప్పాలి. ఆఖరి బంతిలో. బూరెలు ఉంచాలి."